సర్ తామస్ మన్రో : పత్తికొండ బావి

జూలై నెల 6వ తేదీ వచ్చినప్పుడెల్ల మాకు పత్తికొండ జ్ఞప్తికి వచ్చుచుండును. 1827వ సంవత్సరమున ఆ దినము రాత్రి సుమారు తొమ్మిదిన్నర గంటలకు చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రో ఆ యూరి చెంత వాంతిభేదిచే మరణించెను. ఉదయమున తన యుద్యోగులతో మాటలాడుచుండిన మనుష్యుడు రాత్రి భోజనవేళ దాటునప్పటికి లేకపోయెను. ఆయన జ్ఞాపకార్థము దొరతనమువారు ఆ తావున తోపు వేయించి, రాతికట్టడపు మెట్లబావి నొకదానిని నిర్మింపజేసిరి. నీటివలన వ్యాపించు వ్యాధికి బలియైన వానికి నీటిబావిని స్మారకముగా నిలుపుట ఆ కాలమువారికి విపరీతముగా తోచలేదు. తోచుటకు హేతువును లేదు. వాంతిభేది బీజము నీటిలో నుండునని అప్పటికి లోకమున నెవ్వరును ఎరుగరు.

మన్రోను గూర్చి మన దేశమున రెండు విధములుగా చెప్పుకొనుట కలదు. రైతుల బంధువని కొందరు, కంపెనీవారి బొక్కసమును నింపిన నేర్పరి యని కొందరు. ఈ రెండును నిజములే యని మా యభిప్రాయము. పరపాలకుడు సౌమ్యుడైనంత మాత్రమున పరపాలన సౌమ్యము కానేరదు. పరపాలన నింద్యమైనంత మాత్రమున ఆ మనుష్యుని గుణములు మాసిపోవు. అయితే నేడు మేము ఆయన జీవితమును తడవుట శిస్తు విషయమై కాదు. ఒక సీమను అంగుళ మంగుళముగా కొలిచి, ప్రతి రైతు పేరును లెక్కకెక్కించిన పరిపాలకుడు, ఆ సీమలో తిరుగుచుండిన వ్యాధిని లెక్కింపగల యేర్పాటు లేకయే, దాని నెదుటనుంచుకొనియే ముందునకు సాగి ప్రాణములు కోల్పోయెను. ఈ వైపరీత్యమే మమ్ము ఆకర్షించినది.

మన్రో 1761వ సంవత్సరము మే 27వ తేదీని స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో వర్తకము చేయువాడు. అమెరికనులు స్వాతంత్ర్యమునకై పోరాడుటతో ఆ వర్తకము కూలిపోయెను. ఒక ఖండమువారి స్వాతంత్ర్యసమరమువలన చితికిన కుటుంబములోని పిల్లవాడు మరియొక ఖండముపై పెత్తనము చేయుటకు బయలుదేరెనని గమనించిన యెడల చరిత్ర నడక యెట్టిదో తెలియగలదు. 1780లో పదాతిదళమున సామాన్యమైన కేడెట్టుగా చెన్నపట్టణమున దిగి, హైదరాలీతో జరిగిన యుద్ధమున పనిచేసెను. పారసీకమును, హిందూస్థానీని శ్రద్ధతో నేర్చెను. చిన్ననాటినుండియు చెవులు కొంచెము మందము. వయస్సుతో అది హెచ్చెను. 1792 మొదలు 1799 వరకు బారామహలులో కెప్టెన్ రీడ్ క్రింద శిస్తు పని నేర్చినప్పుడే ఆయనకు గుడారమున కాపురముండు అలవాటు పట్టుబడెను. తరువాత కొంతకాలము కన్నడసీమ. అటుపిమ్మట 1800లో మన సీమకు వచ్చెను.

ఆ యేట నైజాము తాను మైసూరు యుద్ధములవలన సంపాదించిన మండలములను కంపెనీకి ధారపోసెను. నేటి బళ్లారి, అనంతపురము, కడప సీమలును, కర్నూలు జిల్లాలో పత్తికొండ మున్నగు తావులును అందులోనివి. అప్పుడవి దత్తమండలములు. 1928లో నంద్యాల సభలో రాయలసీమ యను పేరు పెట్టుకొనువరకు మనవారును ఆ మాటనే వాడుచుండిరి. ఒకరి సొత్తును వేరొకరికి ఇచ్చినట్లు ధ్వనించు ఆ పేరును వదిలించుకొనుట మంచిదయ్యెను. పత్తికొండ యప్పుడు బళ్లారికి చేరినది. 1858లో గాని కర్నూలు జిల్లాలో కలియలేదు.

సుమారు 27,000 చదరపు మైళ్ల సీమ, ఇరువది లక్షలకు చేరువగా జనము, ఎనుబదిమంది పాలెగాండ్రు. దీనికంతకు మన్రో ముఖ్య కలెక్టరు, ఆయన క్రింద నలుగురు. ఏడేండ్లును ఆయన ఊరూర తిరిగెను. 1802లో భూమి కొలత ప్రారంభించెను. 33 అడుగుల గొలుసు తీసికొని చేను వెంబడి చేను కొలిపించెను. గొలుసు పొడవు ప్రక్కగల చదరము గుంట, నలువది గుంటలు ఎకరము. నేటికిని మన రైతు నోట నున్న లెక్క అదియే. మెట్ట, మాగాణి, తోట యని విడదీసి, నేల తరమును గ్రామపెద్దలచేతను కరణములచేతను నిర్ణయింపజేసి, ఒక్కొక్క రైతుకు పట్టా వ్రాయించెను. ఆయన దిగిపోవునప్పటికి శిస్తు సుమారు 10 లక్షల వరహాలనుండి 15 లక్షలకు పైబడెను. ఈ పెంపు రైతు వీపుపైననే పడినదని ఆయనయు నెరుగును. 1807లో వెళ్లునప్పుడు నూటికి ఇరువదియైదు తగ్గింపవలయునని తానే సిఫారసు చేసెను, పైవారు వినలేదు. తాను గవర్నరై వచ్చిన పిదపనే ఆ తగ్గింపు నడచినది. పదమూడేండ్ల ఆలస్యము, అందులో కరవులును కలవు.

ఈ కొలతను గూర్చి మేమింత చెప్పుటకు కారణమున్నది. గ్రామమున కరణము కలడు, రెడ్డి కలడు, తలారి కలడు. ఏ చేను బీడు పడినదో, ఏ చెరువు తెగినదో, ఎవడు ఊరు విడిచి పోయెనో ఈ మువ్వురును కసబాకు తెలుపుదురు. కసబా కలెక్టరుకు తెలుపును. వార్త నడచుటకు త్రోవ సిద్ధముగా నున్నది. ఆ త్రోవన శిస్తు వార్త తప్ప చావువార్త నడవలేదు. బీడు పడిన చేను లెక్కలోనికి వచ్చెను. దానిని దున్నువాడు ఏ రోగముచే పోయెనో రాలేదు.

1807లో మన్రో స్వదేశమునకు పోయి, 1814లో న్యాయపరిపాలనను చక్కదిద్దు సంఘమునకు అధ్యక్షుడై తిరిగి వచ్చెను. బయలుదేరుటకు ముందే జేన్ కేంబెల్‌ను వివాహమాడెను. 1817లో మహారాష్ట్రులతో తుది యుద్ధము వచ్చినప్పుడు మరల కత్తిపట్టెను. ఆ యుద్ధకాలముననే వాంతిభేది తన పాత చోటు విడిచి దేశముమీద పడెను.

విషూచి మన వైద్యులకు క్రొత్త కాదు. వంగదేశపు పల్లపు నేలలలో అది అనాదిగా నుండెను. కాని 1817 ఆగస్టులో జెస్సూరున చెలరేగినది వేరు తీరు. ఆ నవంబరులో బుందేల్‌ఖండమున విడిసియుండిన హేస్టింగ్సు ప్రభువు సేనలో ప్రవేశించి వేలకొలది జనమును మ్రింగెను. సేనలు నడచిన బాటలనే వ్యాధియు నడచెను. 1818లో చెన్నపురి రాజధానిలోనికి దిగెను. బండ్లబాట, యాత్రాస్థలము, దండు విడిది, ఇవియే దాని మజిలీలు. మన పల్లెలలో దీనిని గత్తర యనిరి, మారెమ్మ యనిరి. సుంకులమ్మకు పోతును కొట్టి, ఊరిచుట్టు పొలి చల్లి, పొలిమేర కట్టుచేసిరి. కొన్ని చోట్ల ఊరు విడిచి పొలములలో గుడిసెలు వేసికొనిరి. చదువుకొన్నవారము దీనిని మూఢత్వమని నవ్వుచుందుము గాని, పొలిమేర కట్టుటలో రాకపోకలు నిలుచును. ఊరు విడుచుటలో చెడిన బావి విడువబడును. పొలి చల్లుట వ్యర్థమే కావచ్చును, పొలిమేర కట్టుట వ్యర్థము కాదు.

1820 జూన్‌లో మన్రో గవర్నరయ్యెను. ఆయన యేలుబడిలోనే, 1824లో, చెన్నపట్టణపు వైద్యమండలివారు వాంతిభేదిపై ఒక బృహన్నివేదికను ప్రకటించిరి. మండలి కార్యదర్శి విలియం స్కాట్ దానిని కూర్చెను. ముఖ్యముగా సైనికవైద్యులు తమ తమ దండులనుండి వ్రాసి పంపిన సంగతులు అందలి సరకు. రోగము ఎప్పుడు ఎచ్చట పుట్టెను, ఎటు పోయెను, ఎందరికి తగిలెను, ఏ మందు వాడిరి యను ప్రశ్నలు ఒక ప్రాంతమంతటను వేసి జవాబులు రాబట్టుట మన సీమలో అంతకు ముందు జరిగిన పని కాదు. ఈ ఖ్యాతి ఆ ప్రభుత్వమునకు ఈయవలసినదే. కాని ఆ జవాబులు పుస్తకమై అరలో నిలిచినవి. ఫలాన యూరిలో రోగమున్నదని ఈ వారము తెలిసిన, వచ్చు వారము దండు ఆ దారిని పోరాదని ఆజ్ఞ యిచ్చు అధికారి ఎవడును ఏర్పడలేదు. జరిగిపోయిన దానిని వ్రాసికొనిరి గాని జరుగుచున్న దానిని కాచుట అలవడలేదు.

ఇచ్చట మరియొక సంగతి చెప్పక పోలేము. మన్రో ప్రజలకు విద్య కావలయునని 1822లో జిల్లా జిల్లాకు బడుల లెక్క తీయించినవాడు. దేశీయులకు ఉన్నతోద్యోగము లీయవలయునని వాదించినవాడు. అదే 1822లో పత్రికాస్వాతంత్ర్యము ఈ దేశమున కూడదని వ్రాసినవాడును ఆయనయే. పరాయి పాలనయు స్వేచ్ఛగల పత్రికయు ఒక యొరలో ఇమడవని ఆయన తర్కము. తర్కము సత్యమే, నిర్ణయము మనకు హానికరము. పత్రికలవారమగు మాకు ఇందు స్వార్థము కలదని పాఠకులు శంకింపవచ్చును; కాదనము. కాని రోగవార్త దొరతనపు కాగితములలోనే తిరుగు దేశమున, సంతకు పోవు రైతుకు ముందుగా హెచ్చరించువాడెవడు?

మన్రో 1824కు ముందే సెలవు కోరియుండెను. బర్మాయుద్ధము అడ్డువచ్చినది, అది 1826లో ముగియువరకు నిలిచెను. ఆ యేడు ప్రారంభమున చిన్నకుమారునకు జబ్బుచేయగా భార్య బిడ్డను తీసికొని సీమకు ఓడ యెక్కెను. రావలసిన క్రొత్త గవర్నరు లషింగ్టన్ రాక ఆలస్యమయ్యెను. ఈ నడుమ దొరకిన వ్యవధిలో ఏడేండ్లు గడపిన దత్తమండలములను కడసారి చూచి రావలయునని ముచ్చటపడి, 1827 మే చివర మన్రో చెన్నపట్టణమునుండి బయలుదేరెను. ఆ మండలములలో వాంతిభేది యున్నదని తెలియకపోలేదు. తెలిసియే వచ్చెను. ధైర్యమందుమా? ఔను. కాని గవర్నరు ఒంటరిగా ప్రయాణము చేయడు. కావలి సిపాయీలు, బోయీలు, వంటవారు, గుడారములు మోయు ఎద్దులు, వెంట నడచు బజారు, ఇట్టి జనసమూహము మండువేసవి ముగిసి తొలివానలు పడుచుండిన దినములలో ఊరి చెరువులవెంట, వంకలవెంట విడియుచు పోయెను. ప్రభువు ధైర్యమునకు పరివారము పూచీ పడవలసివచ్చెను.

గుత్తి ప్రాంతమున కావలిదళములో వ్యాధి తలచూపెను. కొందరు చనిపోయిరి. దండు నిలువలేదు, విడిపోలేదు, పత్తికొండకు సాగెను. జూలై 6 ఉదయమున అక్కడ దిగిన కొలది సేపటికే మన్రోకు వాంతులు విరేచనములు ప్రారంభమయ్యెను. నడుమ కొంత తేరుకొన్నట్లు కనబడెను గాని మధ్యాహ్నము తిరిగిన పిదప బలము తగ్గుచు వచ్చెను. తన చెంత నిలిచిన మిత్రులను రోగపు గుడారములో నుంచుట న్యాయము కాదని, వారిని వెలుపలికి పొండని ఆయన పలికినట్లు చరిత్రకారులు చెప్పుదురు. చావు దగ్గరపడినవేళ ఒరుల క్షేమమును తలచుట ఉత్తమగుణము, సందేహము లేదు. ఐనను గాలిలో రోగమున్నదని అందరును నమ్మిన కాలమది. మిత్రులకు ముప్పు గుడారపు గాలిలో లేదు, త్రాగెడి కుండలో నున్నది.

నేడు మనకు తెలిసినదానినిబట్టి యోచింపుడు. ఈ వ్యాధిబీజము కడుపులో ప్రవేశించిన కొన్ని గంటలు మొదలు ఐదు దినములలోపల బయటపడును. కావున పత్తికొండలో దిగిన పూటనే రోగపడినవాడు అంతకుముందరి మజిలీలలో ఎచ్చటనో ఆ నీరు త్రాగియుండవలయును. పత్తికొండ పేరు అపకీర్తికి ఎక్కినది గాని, పత్తికొండ గవర్నరుకు రోగమిచ్చినదనుటకంటె గవర్నరు దండే పత్తికొండకు రోగమును మోసికొని వచ్చియుండుననుట యుక్తతరము. ఆయన చనిపోయిన గడియ చరిత్రకెక్కినది. గుత్తి దారిలో రాలిన సిపాయీల పేర్లు, ఆ దండు దాటిపోయిన పిమ్మట ఊళ్లలో రాలిన కాపుల పేర్లు ఆయన జీవితచరిత్రలలో చోటు పొందలేదు.

వైద్యము మాట. నాటి వైద్యులు రసకర్పూరము నిచ్చిరి, నల్లమందు అరకు నిచ్చిరి, నరము కోసి రక్తము తీసిరి. ఒడలిలోని నీరంతయు పోవుచుండ, దాహమో యని యేడ్చు రోగికి నీరిచ్చుటకు జంకినవారును పలువురు. 1832లో స్కాట్లండులో తామస్ లట్టా యను వైద్యుడు ఉప్పునీటిని నరములోనికి ఎక్కించి కొందరిని బ్రతికించెను. లోకము దానిని మరచెను. 1854లో లండనులో జాన్ స్నో ఒక్క వీథి పంపు చుట్టును చావుల లెక్క వేసి నీటి దోషమును నిరూపించెను. 1884లో కాక్ కలకత్తాలో బీజమును పట్టుకొనెను. 1971లో బనగాము శరణార్థుల శిబిరమున దిలీప్ మహలనవీసు ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీటిని పీపాలలో పోసి త్రాగించగా, నూటికి ముప్పది వరకుండిన చావులు నాలుగింటికి లోబడినవి. రాజధాని గవర్నరుకు దొరకని మందు నేడు పత్తికొండ సంతలో చిన్న పొట్లములో దొరకును.

మన్రో దేహమును మరునాడు గుత్తికి తీసికొనిపోయి, కోట క్రింద పాతిపెట్టిరి. 1831లో చెన్నపట్టణము కోటలోని సెయింట్ మేరీ చర్చికి మార్చిరి. చాంట్రీ చెక్కిన గుఱ్ఱపు విగ్రహము 1839లో చెన్నపట్టణమున నెలకొనెను. జీను లేదు, అంకెవన్నెలు లేవని దారిని పోవువారు నేటికిని వేళాకోళము చేయుదురు. జనులు ఇంకను తమ తీరున స్మరించిరి. బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టిరి. మంత్రాలయములో రాఘవేంద్రస్వామి ఆయనకు మాత్రమే కనబడి మాటలాడెనని కథ. కడప సీమలో పాపఘ్ని గండిని దాటునపుడు, కొండలనడుమ బంగారు తోరణము ఆయన కంటబడెననియు, అది కనబడినవాడు త్వరలో కాలము చేయుననియు మరియొక కథ. చావునకు సంకేతము ఆకసమున తోరణమై కనబడెనని నమ్ముట ప్రజలకు సులభమయ్యెను. కావలిదళములో చచ్చిన సిపాయీలే స్పష్టమైన సంకేతమని విద్యావంతులగు దొరలకును తోచలేదు.

ఈ గుణపాఠము నేర్చుటకు దొరతనమునకు ఎంత కాలము పట్టెనో చూడుడు. 1864లో చెన్నపట్టణమున పారిశుద్ధ్య కమిషనరు నియమింపబడెను. కరణములును గ్రామాధికారులును జననమరణములు వ్రాయుట ఆ దశకముననే మొదలయ్యెను. శిస్తు నడచిన త్రోవన చావువార్తయు తుదకు నడచెను. కాని 1876 నుండి 1878 వరకు ధాతకరవు వచ్చినపుడు, ఆకలి వెంట వాంతిభేది గంజికేంద్రములలో ప్రవేశించి మన సీమను తుడిచిపెట్టెను. 1881 జనాభాలెక్కలో కర్నూలు జిల్లాలో పదేండ్ల క్రిందటి జనములో సుమారు నాలుగవవంతు లేకపోయిరి. లెక్క వ్రాయుటయే రక్షణ కాదని ఇంతకంటె సాక్ష్యమేల? అంటువ్యాధి వార్త నెరింగించుట, బావిని మూయించుట, నీటిని శుద్ధిచేయించుట ఆరోగ్యాధికారికి విధులుగా నిర్ణయించిన మద్రాసు ప్రజారోగ్య శాసనము 1939లో గాని రాలేదు. మన్రో పోయి అప్పటికి 112 ఏండ్లు.

స్వతంత్ర భారతమున 2004లో సమగ్ర వ్యాధి పర్యవేక్షణ కార్యక్రమము ప్రారంభమయ్యెను. ఉపకేంద్రమునందలి నర్సు అనుమానపు కేసులను, వైద్యుడు లక్షణములనుబట్టి గుర్తించిన కేసులను, ప్రయోగశాల నిర్ధారణలను వారము వారము పంపవలెను. 2021 నుండి అవి యంత్రములద్వారా ఏనాటి కానాడే చేరు ఏర్పాటు వచ్చినది. ఏర్పాటు మంచిది. అయినను ఆ 2021 ఏప్రిల్‌లోనే మన కర్నూలు సీమలోని గోరుకల్లులోను ఆదోనిలోను అతిసారము ప్రబలి మనుష్యులు చచ్చిరి. నీటి గొట్టము మురుగుకాలువలో మునిగియుండుట వీథిలోని ఆడువారికి ముందే తెలియును. రోగి ఆసుపత్రికి చేరిన పిదపనే కాగితమునకు తెలియును. ఈ నడుమ గల దినములలోనే ప్రాణములు పోవుచున్నవి.

పత్తికొండ బావి సంగతి చెప్పి ముగింతుము. దిగి కడవ ముంచుకొను మెట్లబావి ఎండకాలమున మన సీమకు ప్రాణము. కాని కాలి పుండుతో నీటిలో దిగిన మనుష్యునివలన నారికురుపు పురుగు వ్యాపించునది ఇట్టి బావులలోనే. రాయలసీమ జిల్లాలు దానికి పేరుపడినవి. 1980లలో ప్రభుత్వము దానిని నిర్మూలింప బూని, ఊరూర ఇల్లిల్లు తిరిగి రోగులను వెదకి, మెట్లబావులను చేదబావులుగా మార్పించి, నీటిని గుడ్డతో వడపోయుట నేర్పెను. దేశమున కడపటి రోగి 1996లో రాజస్థానమున కనబడెను. 2000లో ఆ వ్యాధి మన దేశమున లేదని ప్రపంచారోగ్యసంస్థ ఒప్పుకొనెను. ఆ పనికి వాడిన సాధనము మన్రో కొలతకు వాడినదే: ఊరు వెంబడి ఊరు, ఇల్లు వెంబడి ఇల్లు, పేరు వెంబడి పేరు. కాని ఈసారి గ్రామమునకు వచ్చినవాడు ఎన్ని గుంటలని యడుగలేదు. ఇంటిలో ఎవరి కాలనైన పుండున్నదా యని యడిగెను, ఉన్నచో మరునాడు కట్టుగుడ్డ పట్టుకొని తిరిగి వచ్చెను.